నీలం దారం కట్ట

నడుము కింది శరీరం తనది కాకుండా పోయిన పావుగంటకు ఆమె ముఖం ముందు ఆకుపచ్చ గుడ్డ తెరలా లేచింది. తెర కుడి అంచున దారప్పోగు ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని చూడగానే, భయం కలగవలసిన చోట ఆమెకు కోపం వచ్చింది. అంచు ఊడిన గుడ్డను థియేటరుకు పంపకూడదని కొత్తగా చేరిన వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పింది. తను ఆరు రోజులు కనబడకపోయేసరికి అన్నీ మరిచారు. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆసుపత్రి కింది అంతస్తులో, ఆవిరి యంత్రాల గదిలో, ఉతికి వచ్చిన ఆపరేషన్ గుడ్డలు మడిచేది, కత్తెరలూ పటకారులూ తోమి పళ్ళేల్లో సర్దేది, రక్తం అద్దడానికి వాడే పలుచని గాజ్ ముక్కలను పదేసి లెక్కించి దారంతో కట్టలు కట్టేది ఆమె. ఆ గది నుంచి ఈ గదికి ఆమె చేతిపని రోజూ పైకి వచ్చేది గాని ఆమె ఎన్నడూ రాలేదు. ఇవాళ కడుపు కోయించుకోవడానికి వచ్చింది. చేతులను రెండు పక్కలా పలకల మీద పట్టీలతో కట్టారు. కడుపుకు గోధుమరంగు మందు పూసి, నాలుగు గుడ్డల మధ్య బొడ్డు ఒక్కటే కనబడేటట్టు నలుచదరంగా తెరిచి ఉంచారు. బొడ్డు అనడానికి అక్కడ మిగిలిందేమీ లేదు. నిమ్మకాయంత గడ్డ, దాని మీద సాగి నిగనిగలాడే తోలు. బొడ్డు దగ్గర కండరం చీలింది, లోపలి కొవ్వు పొర ఆ చీలికలోంచి బయటకు తోసుకొచ్చి వెనక్కి పోలేక ఇరుక్కుంది, దాన్ని లోపలికి నెట్టి చీలిక కుట్టేసి పైన వల అతికించాలి, అని డాక్టరమ్మ చెప్పింది. ఎంత సులువుగా చెప్పింది, గుమ్మానికి తలుపు బిగించే వడ్రంగిలాగా.

"అక్కా, నువ్వు మడిచిన గుడ్డలే కప్పాం. ఎలా ఉన్నాయి?" అంది థియేటరు పెద్ద సిస్టరు మాస్కు వెనక నుంచి.

"అంచు ఊడింది. ఎవరు పంపారో కనుక్కోండి."

తలవైపు స్టూలు మీద కూర్చున్న మత్తు డాక్టరు నవ్వాడు. "కాళ్ళకిచ్చాను తల్లీ మత్తు, నోటికివ్వడం మరిచిపోయాను."

నోరు. మత్తు డాక్టరు ఒళ్ళో అట్ట, అట్ట మీద ఆమె కేసు షీటు. తల కొంచెం వెనక్కి వంచితే దాని మూల తలకిందులుగా కనబడుతోంది. అందులో ‘కారణం’ అన్న చోట ‘బరువు ఎత్తడం’ అని రాసి ఉంది. ఆ మాట ఆమె చెప్పింది కాదు. ఓపీ గదిలో డాక్టరమ్మ అడిగింది ఆమెను. జవాబు చెప్పింది పక్క కుర్చీలోని మొగుడు. "నీళ్ళ బకెట్లు డాక్టరమ్మా. రెండు చేతులా రెండు. వద్దమ్మా అంటే వింటుందా." ఆ ‘వద్దమ్మా’లో ఎంత లాలన పలికించాడంటే, తలుపు దగ్గర చీటీలు పిలిచే అమ్మాయి కూడా ముచ్చటపడింది. ఆమె కూడా నవ్వింది, పళ్ళు కనబడేటట్టు. నవ్వనిది డాక్టరమ్మ ఒక్కతే. గడ్డ చుట్టూ అరచేతి మేర ఉన్న మరకను, అప్పటికే నలుపు వదిలి పసుపుకు తిరుగుతున్న మరకను, వేలితో చుట్టివచ్చి ఊరుకుంది. ఈ ఉదయం బల్ల మీదికి మార్చాక మాత్రం చెవి దగ్గరకు వంగి అంది: "ఇక్కడికి మీ ఆయన రాడు. ఆపరేషన్ అయ్యాక ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. బకెట్లేనా?" ఆమె కళ్ళు మూసుకుంది. "సరే. కుట్లు వేసేలోపు చెప్పినా చాలు. సంతకం పడ్డాక మాత్రం బకెట్లే." అంతే, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆవిడ మాటల్లో జాలి లేదు. ఆమెకు అదే నచ్చింది. జాలిపడే వాళ్ళను ఆమె చాలామందిని చూసింది. జాలిపడి, టీ ఇచ్చి, ఇంటికి పంపారు.

కోశారు. నొప్పి తెలియలేదు, అంగడి గోతంలో చెయ్యి పెట్టి ఎవరో అడుగున ఉన్నదాని కోసం వెతుకుతున్నట్టు లాగుడు మాత్రం తెలిసింది. తర్వాత సన్నగా చిటపట, రక్తనాళాలను విద్యుత్తుతో కాల్చి మూసే పెన్ను చప్పుడు, దాని వెంట వాసన. కాలిన జుట్టుకూ కాలిన తోలుకూ మధ్య ఎక్కడో ఉండే వాసన. తన వాసనే. ఈ వాసన ఆమెకు తెలుసు. బస్సు డిపో వెనక షెడ్డులో, ఇంజను మూత ఎత్తి, ఆమె మణికట్టు పట్టుకుని, ఎంత మెల్లగా ఆనించాడు మొగుడు అరచేతిని ఆ ఇనుము మీద. వేడెంతుందో చూడు, రోజంతా నేను దీని పక్కన కూర్చుంటాను, ఇంటికొస్తే అన్నం చల్లగా పెడతావా. చూడు అన్నాడు, చిన్నపిల్లకు బొమ్మ చూపించినట్టు. అది నలభై ఒకటోసారి. ఆమెకు ముఖాలు మరపుకొస్తాయి, ఊళ్ళు మరపుకొస్తాయి, అంకె మరపుకు రాదు. మొదట్లో దెబ్బలు పడుతుంటే ఏం చెయ్యాలో తెలియక లెక్కపెట్టేది; లెక్కపెడుతుంటే నోటికి పని ఉండేది, అరుపు వచ్చేది కాదు. అరవకపోతే పక్కింటివాళ్ళకు వినబడదు, వినబడకపోతే పరువు, పరువుంటే పిల్లకు మంచిది. ఒక్కో మెట్టూ ఎంత సవ్యంగా కట్టింది తను. తర్వాత అదే చేతికి ఉద్యోగం తెచ్చిపెట్టింది. చూడకుండా, మాట్లాడుతూ, పరధ్యానంగా ఉంటూ కూడా పది అంటే పదే. లెక్కల అక్క అని పేరు పెట్టారు కింద. ఆమె కట్టకు ఆమెదే అయిన ముడి ఒకటి ఉంటుంది, రెండు మెలికలు వేసి కొసను లోపలికి దోపేది; ఆ ముడి కనబడితే పైన థియేటరులో సిస్టర్లు కట్ట విప్పినప్పుడు లెక్కపెట్టనే పెట్టరు. పెట్టాలని రూలుంది. అక్క ముడి ఉండగా రూలెందుకు అనేది పెద్ద సిస్టరు. అన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు పులకరించేది.

బయట బెంచీ మీద కూర్చుని ఉంటాడు ఇప్పుడు. ఒళ్ళో ఆమె చెప్పులున్న సంచి. పక్కన కూర్చున్న వాళ్ళతో కబుర్లు చెబుతుంటాడు. నిదానం అంటారు అతన్ని డిపోలో. నిదానం బస్సైతే ఎక్కుతాం అని ముసలివాళ్ళు తర్వాతి బస్సు కోసం ఆగుతారు. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేదు. బ్రేకు వేస్తే గుడ్ల బుట్ట కూడా కదలదు. ఆ కుడికాలు. ఎంత తొక్కితే ఎంత ఆగుతుందో తెలిసిన కాలు. పతకం ఇచ్చారు దానికి, గుండ్రంగా, ఇత్తడిది, అద్దాల బీరువాలో ఉంది. ఆ ఆదివారం దాన్ని చూడడానికే కండక్టరు వచ్చాడు. టీ ఇచ్చింది. పనిమనిషిలా లోపలికి పోయి ఉంటే సరిపోయేది. నిలబడింది, నవ్వింది, నోరు తెరిచింది. "బస్సైతే టైముకి తెస్తారు. నన్ను మార్కెట్టుకి తీసుకెళ్ళమంటే మాత్రం ఏ రోజూ పది నిమిషాలు లేటే." కండక్టరు టీ పొలమారేటట్టు నవ్వాడు. "దొరికారు సార్ ఇవాళ." నిదానం కూడా నవ్వాడు, అందరికన్నా ఎక్కువసేపు. కండక్టరును వీధి మలుపు దాకా సాగనంపి వచ్చాడు. గడియ వేశాడు. చప్పుడు కాకుండా వేశాడు. కిటికీ రెక్కలు దగ్గరకు లాగాడు. కప్పులు రెండూ తీసి, పగలకుండా, గట్టు మీద లోపలికి జరిపి పెట్టాడు. కప్పులను జరిపినప్పుడే ఆమెకు తెలిసిపోయింది, తన లోపల ఎవరో ‘ఒకటి’ అని లెక్క మొదలెట్టారు. "ఇటు రా," అన్నాడు, ఎంత మెత్తగానో. చెంప మీద రెండు. జుట్టు పట్టి గోడకు మూడు. జారి కూర్చుంది. కూర్చున్నాక కాలు. బూటు విప్పలేదు. ఒకటి తొడ మీద, ఒకటి పక్కటెముకల కింద, మూడోది కొలిచినట్టు బొడ్డు మీద, పిల్ల కడుపులో ఉన్నప్పుడు సాగి అప్పటినుంచీ పలుచబడి ఉన్న ఆ చోటనే. ఏదో తెగింది. గుడ్డ చింపితే వచ్చే చప్పుడు లాంటిది, చెవితో కాదు, లోపలితో విన్నది. నోట్లోకి పుల్లనీళ్ళు వచ్చాయి. పడుకుంటే వెనక్కి పోయే చిన్న ఉబ్బు, ఇరవై రెండేళ్ళుగా వేలితో నొక్కుకుంటూ వచ్చిన ఉబ్బు, ఆ రోజు పిడికిలి బిగించి బయటికొచ్చింది, మళ్ళీ వెనక్కి పోలేదు. అతను పక్కన చతికిలబడి, "ఎక్కడ తగిలిందో చూపించు," అన్నాడు. చూశాడు. లేచి వెళ్ళి వేడినీళ్ళ సంచి తెచ్చి, వేడి ఎక్కువుందేమోనని తన మోచేతికి ఆనించి చూసుకుని మరీ పెట్టాడు.

"గాజ్ తీయమ్మా," అంది డాక్టరమ్మ. తెరకు అవతల ఇనుప డబ్బా మూత తెరిచిన చప్పుడు.

"సిస్టర్, ఇదేంటి, ఈ కట్టకి నీలం దారం?" గొంతు చిన్నది, ఈ ఏడే చేరిన చిన్న సిస్టరు.

"తెల్లది అయిపోయి ఉంటుందిలే. ముడి చూడు, అక్కదే, కొస పొట్టిగా ఉందంతే. విప్పు, పదుంటాయి."

ఆమెకు గుండె జారి వీపు కింద బల్లకు తగిలినట్టయింది. తలవైపు యంత్రం టిక్కుటిక్కులు ఒక్కసారిగా జోరందుకున్నాయి. "ఏమైంది తల్లీ, పరుగు పందెమా?" అన్నాడు మత్తు డాక్టరు. ఏం లేదన్నట్టు తల ఆడించింది. నీలం దారం. సోమవారం. సెలవు పెడితే ఎందుకని అడుగుతారని, ఆ సోమవారం పనికి పోయింది. నిలబడితే గడ్డ పొడిచేది, కూర్చుంటే ఊపిరి ఆడేది కాదు. బల్లకు మోచేతులు ఆనించి వంగి కట్టలు కట్టింది. తెల్ల దారం ఉండ అయిపోయింది. ఇంకోటి పై అరలో ఉంది, చెయ్యి పైకెత్తలేదు. కింద సొరుగులో నీలం దారం దొరికింది. ఒకటి, రెండు, మూడు. ఆరు. ఏడు అంటుండగా లోపల ఎవరో బూటుతో మళ్ళీ తన్నారు. కళ్ళు తెరిచేసరికి చేతిలో ముక్క ఉంది, అది ఏడోదో ఎనిమిదోదో. ఏడు అనుకుని సాగించింది. కట్టి ముడి వేస్తే కొస పొట్టిగా మిగిలింది. పంతొమ్మిదేళ్ళుగా జానెడు కొలిచి కోసే దారం. పది ముక్కలకు చుట్టి రెండు మెలికలు వేస్తే బొటనవేలి గోరంత కొస మిగలాలి. మిగలలేదు. లోపలికి దోపడానికే లేదు. చేతికి తెలిసింది, పదకొండున్నాయని. విప్పి మళ్ళీ లెక్కపెట్టాలి. లెక్కల అక్క కట్ట విప్పడమా? ఎదురుగా కూర్చున్న అమ్మాయి తలెత్తుతుంది, అక్కా ఏమైంది అంటుంది, అక్కా ముఖమేంటి అలా ఉంది అంటుంది. విప్పలేదు. డబ్బాలో వేసింది. డబ్బా ఆవిరి యంత్రంలోకి పోయింది. మంగళవారం వెతికితే అరలో లేదు, పైకి పోయింది. పైకి పోయి అడగవచ్చు. అడిగితే ఎందుకంటారు. అన్ని దారులూ ఆ ఎందుకు దగ్గరికే పోతాయి, ఆ ఎందుకు దగ్గర బూటు వేసుకుని నిదానం నిలబడి ఉంటాడు.

ఇప్పుడు చెప్పొచ్చు. లెక్కపెట్టండి సిస్టర్, అంటే చాలు, రెండు మాటలు. అవతల ముక్కలు తీస్తున్నారు, అద్దుతున్నారు, తడిసినవి బేసిన్లో పడుతున్నాయి. ప్రతి చప్పుడునూ ఆమె చెవి పట్టుకుని వరసలో పెడుతోంది. రెండు. మూడు. పటకారు, అన్నది డాక్టరమ్మ. వంకరది, అన్నది. ఆమె వాటిని వాటి పళ్ళతో సహా ఎరుగును. ఏ కత్తెర కీలు బిగువో, ఏ పటకారు రెండో మెట్టు దగ్గర జారుతుందో. ఎన్ని మధ్యాహ్నాలు వాటిని తోముతూ అతన్ని ఈ బల్ల మీద పడుకోబెట్టింది. మత్తు ఇవ్వకుండా. చేతులు పలకలకు కట్టి, ఇప్పుడు తనకు కట్టినట్టే. నోట్లో గాజ్ కుక్కి, లెక్కించి, పది ముక్కలూ కుక్కి. ముందు కుడి మడమ. మడమ వెనక తాడులాంటి నరం ఉంటుంది, చర్మం కోసి పటకారుతో పైకి లాగితే తెల్లగా, తడిగా, కొబ్బరి పీచులా మెరుస్తుందని ఒకసారి ఎముకల డాక్టరు ఎవరికో చెబుతుంటే విన్నది. దాన్ని తెంపితే ఇక ఏ బ్రేకూ తొక్కలేదు ఆ కాలు. మొద్దు కత్తెరతో తెంపేది, నాలుగైదు కొరుకుల్లో. ఒక్కో కొరుక్కూ ఒక అంకె చెప్పేది. తర్వాత చేతి వేళ్ళు. ఇంజను మూత మీద ఆనించిన ఆ నిదానంతోనే. అన్నీ అయ్యాక పనిముట్లు కడిగి, తుడిచి, పళ్ళెంలో వరసగా సర్దేది, ఒక్కటీ తగ్గకుండా. ఎన్నిసార్లు చేసిందో ఈ పని, ఎంత శ్రద్ధగా. ప్రతిసారీ చివరికొచ్చేసరికి చప్పబడిపోయేది. ఎందుకంటే అప్పుడు కేసు తనదవుతుంది. తేదీ పడేది తన పేరు పక్కన. అతనేమో పాపం, ముప్పై ఏళ్ళ మచ్చలేని డ్రైవరు. న్యాయం అంటే అతనికి నొప్పి పుట్టడం కాదు. అతను చేసింది అతని పేరు పక్కన రాసి ఉండడం, తేదీతో, సిరాతో, ఇంకొకరి సంతకంతో.

నాలుగు. అయిదు. పిల్లకు అంకెలు ఎవరు నేర్పారు? బడిలో వేయకముందే వచ్చాయి. మూడేళ్ళ పిల్ల, ఇంటికొచ్చిన పెద్దమనిషి ఎవరో ఒళ్ళో కూర్చోబెట్టుకుని అంకెలు చెప్పమంటే గబగబా ఏడు దాకా చెప్పి ఆగింది. తర్వాత ఎంతమ్మా అన్నాడు ఆయన. "తర్వాత నాన్న తలుపు తీస్తాడు," అంది. అందరూ నవ్వారు. ఆమె లోపలికి పోయి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో, నేల మీద కూర్చుంది. తలుపు అవతల నుంచి తన గొణుగుడు విని నేర్చుకుంది పిల్ల. ఆ రోజు కూడా బయటపడలేదు. పుట్టింటికి పోయి తల్లికి వీపు చూపిస్తే, వెన్న రాస్తూ, "కడుపులో పెట్టుకోవాలే తల్లీ," అంది అమ్మ. పెట్టుకుంది. మూడు వందల పన్నెండు సార్లు పెట్టుకుంది. పిల్ల ఇప్పుడు భూమి కొలిచే ఆఫీసులో పనిచేస్తుంది, గొలుసు పట్టుకుని ఎండలో తిరుగుతుంది, ఎవడైనా గట్టు జరిపాడంటే ఊరుకోదు. నిన్న ఫోనులో అరవలేదు, ఏడవలేదు. "అమ్మా, నీ దగ్గర లెక్కంతా ఉంది కదా. ఎవరికోసం దాస్తున్నావు?" టాబ్లెట్ వేసుకునే టైమైందని ఆమె ఫోను పెట్టేసింది.

లోపల ఏదో జారింది. పొడిచి పొడిచి తొమ్మిది రోజులుగా నిలిచిన బరువు, ఎవరో గుమ్మంలోంచి పక్కకు జరిగినట్టు, వెనక్కి పోయింది. "పోయింది లోపలికి. రంగు బాగుంది, ఏం తీసేయక్కర్లేదు," అంటోంది డాక్టరమ్మ. "ఒక ముక్క ఇటివ్వు, అడ్డం పెడతాను, మళ్ళీ తోసుకురాకుండా." పెట్టింది. అదిగో, ఆరోది అక్కడ, లోపల. వలను కత్తిరించిన కరకర. ఇంకో ముక్క. ఎనిమిది. బేసిన్లో పడిందా? తొమ్మిది పడిందా, బల్ల మీద పొడిగానే ఉందా? ఆమె చెవులు నొప్పెట్టేలా విన్నది. ఇది తన కడుపు కాబట్టి వింటున్నది. ఇంకొకరిదైతే? కట్ట ఎవరి పేరు మీదా కట్టలేదు తను. నిన్న ఈ బల్ల మీద పడుకున్నదెవరు, మొన్న ఎవరు? కాన్పు కోసం వచ్చిన ఏ పిల్లనో పడుకోబెట్టి, ఇదే నీలం దారం విప్పి, అక్క ముడే, పదుంటాయి అని ఉంటే. లోపల మిగిలిన ముక్క నెలకు చీము పడుతుంది, జ్వరం వస్తుంది, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల చచ్చిపోతుంది, ఆమె ఎవరో తెలియని ఆ పిల్ల, నిదానం బూటు ముఖం కూడా ఎరగని పిల్ల. తన పరువు కోసం ఒక మనిషిని చంపి ఉండేది. చేతికి మట్టి అంటకుండా, ముడి వేసి, ఆవిరిలో శుభ్రం చేసి, మూత పెట్టి పంపి ఉండేది. అతను కప్పులు జరిపినంత జాగ్రత్తగా.

"లెక్క?" అంది డాక్టరమ్మ.

చిన్న సిస్టరు గొణుక్కుంటూ లెక్కపెట్టింది. "పది మేడమ్. సరిపోయింది."

"మూసేస్తున్నాను. దారం ఇవ్వు."

గది ఇందాకటిలాగానే ఉంది. ఏసీ గొట్టం దగ్గర కట్టిన రిబ్బను ఎగురుతోంది. ఎవరూ ఆమె గొంతు నొక్కలేదు; కాళ్ళు మాత్రమే లేవు ఆమెకు; నోటికి మత్తివ్వలేదని డాక్టరే చెప్పాడు. బయట బెంచీ మీద సంచిలో తన చెప్పులు. ఇప్పుడు ఊరుకుంటే ముక్క లోపల ఉండిపోతుంది, బకెట్లు కాగితం మీద ఉండిపోతాయి, ఆ చెప్పులు వేసుకుని అతని వెనక నడిచి ఇంటికి పోవచ్చు. అతను ఆటోలో గతుకులు తగలకుండా మెల్లగా పోనివ్వమంటాడు. వేడినీళ్ళ సంచి పెడతాడు.

"ఆగండి."

"నొప్పి తెలుస్తోందా తల్లీ?" మత్తు డాక్టరు వంగాడు.

"ఆ కట్టలో పదకొండున్నాయి."

పెద్ద సిస్టరు తెర మీదుగా తొంగి చూసింది. "అక్కా, మగతలో ఏదో అంటున్నావు. నీ కట్టే అది. నీ ముడే."

"నా కట్ట కాబట్టే చెబుతున్నా. పదకొండు. ఒకటి లోపలుంది. తీయండి."

గోతంలో చెయ్యి మళ్ళీ అడుగుదాకా దిగింది, వెతికింది, ఎడమకు లాగింది, ఆమె ఒళ్ళంతా బల్ల మీద ఇంత జరిగింది. యంత్రం టిక్కులు లెక్కపెడుతూ ఆమె కళ్ళు మూసుకోలేదు, ఊడిన దారప్పోగును చూస్తూ ఉంది. తర్వాత బేసిన్లో తడిగా ఒక చప్పుడు.

"పదకొండు," అంది చిన్న సిస్టరు, నీరసంగా.

డాక్టరమ్మ ఊపిరి వదలడం వినిపించింది. మాట్లాడింది పెద్ద సిస్టరు. గొంతులో కోపం కన్నా మోసపోయిన బాధ ఎక్కువుంది. "పంతొమ్మిదేళ్ళు, అక్కా. నీ కట్టని ఒక్కసారి కూడా లెక్కపెట్టి ఎరగను. ఎందుకు జరిగింది ఇది?"

వచ్చింది ఆ ఎందుకు. ఎనిమిది రోజులు, ఇరవై ఆరేళ్ళు తప్పించుకు తిరిగిన ఎందుకు, మాస్కు కట్టుకుని తెర అవతల నిలబడింది. చిత్రంగా, దాని పక్కన అతను లేడు. ఆకుపచ్చ గుడ్డలూ దీపమూ నలుగురు మనుషులూ తప్ప అక్కడ ఎవరూ లేరు.

"తొమ్మిది రోజుల కిందట, ఆదివారం పొద్దున మా ఆయన తన్నాడు. మూడు తన్నులు, బూటుతో. మూడోది మీరిప్పుడు కుట్టబోతున్న చోట. సోమవారం పనికొచ్చాను. నిలబడలేకపోయాను. ఏడు దగ్గర లెక్క తప్పింది. తప్పిందని తెలుసు. విప్పితే ఎందుకని అడుగుతారని విప్పలేదు." కాగితం మూల కేసి చూస్తూ మళ్ళీ అంది. "బకెట్లు లేవు డాక్టరమ్మా."

మత్తు డాక్టరు అట్ట తీసి మోకాలి మీద నిలబెట్టుకున్నాడు. కలం మూత తీసి, వెంటనే రాయలేదు. ఆయన గొంతులో వేళాకోళం పోయింది. "ఇది రాస్తే ఇక్కడితో ఆగదు తల్లీ. స్టేషనుకు పోతుంది. ఆయన బయటే కూర్చున్నాడు."

"తెలుసు. నా చెప్పులు ఆయన దగ్గరే ఉన్నాయి. రాయండి." కొంచెం ఆగి, "కట్ట సంగతి కూడా రాయండి. అది నా తప్పు. ఆ రోజు నీలం దారంతో ఇంకో మూడు కట్టాను, అవి ఎక్కడున్నా తెప్పించి విప్పి చూడండి," అంది.

చిన్న సిస్టరు చెప్పులు తపతపలాడించుకుంటూ తలుపు వైపు పరుగెత్తింది. తలకిందులుగా కనబడుతున్న కాగితం మూల మీద కలం ఒక గీత కొట్టింది, అడ్డంగా, బలంగా. ‘బరువు ఎత్తడం’ మీద ఆ గీత ఎంత పొడుగ్గా ఉందో ఆమె చూసింది. అవతల సూదికి దారం ఎక్కించి పట్టుకుని డాక్టరమ్మ కదలకుండా నిలబడి ఉంది.

"మొదటిసారా?" అంది.

"కాదు."

"ఎన్నిసార్లు?"

పాతికేళ్ళు దాటినా ఒక్కరూ అడగని మాట అది. ఎందుకు కొట్టాడన్నారు, నువ్వేమన్నావన్నారు, తాగుతాడా అన్నారు, మంచివాడేగా అన్నారు. ఎన్ని అని అడిగినవాళ్ళు లేరు. ఇంతకాలం లోపల వరసగా, ఒక్కటీ తగ్గకుండా, ముడి వేసి, తేదీ గుర్తుపెట్టుకుని సర్దిపెట్టిన అరలన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తెరుచుకున్నాయి.

"తేదీలతో కావాలా?"

"తేదీలతోనే," అంది డాక్టరమ్మ. "నేను కుడుతుంటాను. మీరు చెప్పండి, ఆయన రాస్తారు."

బొడ్డు దగ్గర మొదటి కుట్టు లాగడం తెలిసింది. ఆమె తలను మత్తు డాక్టరు వైపు తిప్పింది, కింద గదిలో కొత్తవాళ్ళకు పని నేర్పేటప్పుడు తిప్పినట్టే, మాట స్పష్టంగా వినబడాలని.

"ఒకటి," అంది. "పెళ్ళయిన తొమ్మిదో రోజు. గురువారం, మధ్యాహ్నం. వంటగది. అన్నం గరిటె."

కలం ఆగేదాకా ఆగింది.

"రెండు."